చార్టులో లేని మారు

"గిద్దె తలకొట్టి పొయ్యమన్నానా లేదా?" అన్నారు అత్తయ్యగారు.

"తలకొట్టే పోశానండీ."

"నా కళ్ళు ఇంకా పోలేదమ్మాయ్. నువ్వు పోసింది కుప్ప."

పొద్దున్న తొమ్మిదింటికి, అటు కుంపటి మీద పప్పు పొంగుతుంటే, బియ్యం డబ్బా ముందు నిలబడి గుప్పెడు బియ్యం గురించి ఇద్దరం వాదించుకున్నాం. నేను గిద్దె మీద వేలు అడ్డంగా గీసి మరీ చూపించాను. ఆవిడ నమ్మలేదు. "వాడు అన్నం మానేశాక ఇన్నిన్ని బియ్యం ఎవరికి? అంట్లు తోమే లచ్చవ్వని మేపడానికా?" అంటూ చేటలోంచి గుప్పెడు తీసి డబ్బాలో పడేసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు. నేను మిగిలిన బియ్యం కడిగి ఎసట్లో పోశాను. ఆ గుప్పెడు కోసం కళ్ళలో నీళ్ళు తిరగడం చూసి నాకే సిగ్గేసింది. బి.ఏ. ఫస్టు క్లాసులో పాసైనదాన్ని, ముప్ఫై నాలుగేళ్ళదాన్ని, గుప్పెడు బియ్యానికి ఏడవడమేమిటి? ఆ రోజుల్లో నాకు ప్రతిదానికీ ఏడుపొచ్చేది. ఎందుకంటే ప్రతిదానికీ భయమేసేది.

భయం జనవరిలో మొదలైంది. మావారు సోమయాజులుగారు యూనివర్సిటీలో స్టాటిస్టిక్సు చెప్తారు. క్యాంపసుకి ఇవతల తార్నాకలో మా అద్దె ఇల్లు. ఒకరోజు ఆర్ట్స్ కాలేజీ మెట్లు ఎక్కుతూ ఎక్కుతూ మధ్యలో కూర్చుండిపోయారట. ఇద్దరు విద్యార్థులు రిక్షాలో తీసుకొచ్చి దింపారు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. పెదాలు తెల్లగా ఉన్నాయి. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, గుండెకి ఇంకా ఏమీ కాలేదు గాని రక్తపోటు ఎక్కువగా ఉందన్నాడు. బరువు ఎనభై మూడు కిలోలుంది, పది కిలోలు తగ్గితీరాలన్నాడు. "మీ అమ్మాయి పెళ్ళి చూడాలని ఉంటే తినడం మార్చుకోండి" అన్నాడు. మా మామగారు నలభై ఐదో ఏట కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. ఈయనకి నలభై మూడు. డాక్టరు టైపు చేసిన చార్టు ఒకటి తీసి, ఆయన చేతికి కాదు, నా చేతికిచ్చాడు. "ఇది మీ డిపార్ట్‌మెంటమ్మా."

ఇంటికొచ్చాక అత్తయ్యగారు పూజగదిలోంచే అన్నారు. "ఇక వాడి ఆయుష్షు నీ చేతి వంటలో ఉందమ్మాయ్."

ఆ మాట నా నెత్తిన కూర్చుంది. ఆయన బూట్ల లేసులు కట్టుకోవడానికి వంగితే నేను వంటింట్లో గరిటె ఆపి ఊపిరి చప్పుడు వినేదాన్ని. కాలేజీ నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే వీధిలోకి వచ్చి ప్రతి రిక్షాలోకీ తొంగి చూసేదాన్ని. చార్టుని అన్నం మెతుకులతో వంటింటి అలమర తలుపుకి అంటించాను. పంచదార లేని కాఫీ, మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, ఉడికించిన కూర, పల్చని మజ్జిగ, రాత్రి రెండు పుల్కాలు. నెయ్యి వద్దు, వేపుడు వద్దు. ఆ రోజే అత్తయ్యగారు పూటకి మూడు సోలల బియ్యాన్ని రెండు సోలలు చేశారు. "వాడు తినేది తగ్గింది కదా." న్యాయంగానే అనిపించింది. ఆయన ఆయుష్షు కోసం నన్ను శనివారాలు ఒంటిపూట ఉండమన్నారు. అదీ న్యాయంగానే అనిపించింది. భయపడేవాళ్ళకి అన్నీ న్యాయంగానే ఉంటాయి.

నేను కప్పు కొలిచి పెట్టేదాన్ని. ఒక్క మెతుకు ఎక్కువ పడనిచ్చేదాన్ని కాదు. ఆయన ఆ కప్పు అన్నాన్నీ నాలుగు ముద్దల్లో ముగించి, ఖాళీ కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చునేవారు. అత్తయ్యగారు విసనకర్ర ఆపి నావైపు చూసేవారు. "మజ్జిగలోకి రెండు మెతుకులు వెయ్యవే. అన్నం ముందు కూచోబెట్టి పస్తు పెడతామా బిడ్డని?" రెండు మెతుకులంటే ఒక గరిటె. "కాస్త కలవలేదోయ్" అని ఆయన చెయ్యి ఆడిస్తే ఇంకో గరిటె. ఆ పైన, "పులుసు బావుంది, ఒక్క ముద్ద" అని మరొకటి. చార్టులో ఉన్నది కప్పు. కప్పు సరిగ్గానే పెడుతున్నాను. మారు వడ్డించడం గురించి చార్టులో ఎక్కడా రాయలేదు. కంచం ముందు కూర్చున్నవాళ్ళకి మారు లేదని మా ఇళ్ళలో ఏ ఆడదీ నోరు తెరిచి చెప్పలేదు. అందుకని మారు ఎవరి లెక్కలోకీ రాలేదు. ఆయన తరవాత అత్తయ్యగారు తినేవారు. మా కామేశ్వరి, పదకొండేళ్ళది, నాన్న పక్కనే కూర్చుని తినేది. అందరూ లేచాక రెండు గంటలకి నేను గిన్నె దగ్గరికి లాక్కునేదాన్ని.

ప్రతి నెలా మొదటి ఆదివారం ఆయన బరువు చూసుకోవడానికి బస్సెక్కి సికిందరాబాదు స్టేషనుకి వెళ్ళేవాళ్ళం. అక్కడ ప్లాట్‌ఫారం మీద మిషను ఉంది. ఎక్కి నిలబడి డబ్బు వేస్తే ఎర్రదీపాలు వెలిగి, లోపల చక్రం గిర్రున తిరిగి, చిన్న అట్టముక్క టప్పున పడుతుంది. ఒకవైపు బరువు, రెండోవైపు జాతకం. ఇంటికొచ్చి ఆయన గ్రాఫు కాగితం మీద నీలం పెన్సిల్తో చుక్క పెట్టేవారు. ఎనభై మూడు, ఎనభై రెండు, ఎనభై రెండు, ఎనభై మూడు. "ఈ మిషన్లోనే ఏదో దోషం ఉంది" అనేవారు. ఫిబ్రవరిలో కామూ సరదా పడిందని అందరం ఎక్కాం. అప్పుడు నేను నలభై ఏడు. మళ్ళీ జులైలో, "అమ్మా, నువ్వూ ఎక్కవే" అని అది నన్ను నెట్టింది.

అట్టముక్క మీద ముప్ఫై తొమ్మిది అని ఉంది.

రెండోవైపు, మీ చుట్టూ ఉన్నవారికి మీరు కొండంత అండ అని ఇంగ్లీషులో ఉంది.

"ఎంతమ్మా?"

"మామూలే." అట్టముక్కని రవికెలో దోపుకున్నాను. బస్సులో అది చెమటకి మెత్తబడి గుండెకి అంటుకుంది. మా రాజ్యం అక్కయ్యకి కూడా ఇలాగే మొదలైంది. ముందు గాజులు మోచేతిదాకా ఎక్కాయి. తరవాత రవికెలు వదులయ్యాయి. "నాజూగ్గా అయ్యావే" అన్నారు అందరూ. ఆ తరవాత దగ్గు, ఆ తరవాత శానిటోరియం. ఇరవై తొమ్మిదో ఏట దాన్ని మంచం మీంచి ఎత్తినప్పుడు మోసినవాళ్ళు బరువే లేదన్నారు. ఆ మాట నాన్న జన్మంతా చెప్పుకుని ఏడ్చాడు.

నా గాజులు ఎత్తి చూసుకున్నాను. మోచేతిదాకా వెళ్ళాయి.

ఆ నెలంతా నేను ఎలా బతికానో ఎవరికీ తెలియదు. నా గ్లాసు వేరుగా పెట్టుకున్నాను. కామూ జడ వేసేటప్పుడు మొహం పక్కకి తిప్పుకునేదాన్ని. అది ముద్దుపెట్టుకోవడానికి వస్తే "చెమట, పో" అనేదాన్ని. పక్కలో పడుకోనివ్వడం మానేశాను. "అమ్మకి నామీద కోపం" అని బామ్మతో చెప్పిందట. సాయంత్రం నాలుగయ్యేసరికి మెడ మీద చెయ్యి వేసుకుని వేడి చూసుకునేదాన్ని. పోపు ఘాటుకి దగ్గు వస్తే పెరట్లోకి పరిగెత్తి, ఉమ్మి, కిందికి వంగి ఎరుపు కోసం వెతికేదాన్ని. ఎవరితో చెప్పను? ఆయనతో చెప్తే ఆయన గుండె తట్టుకుంటుందా? అత్తయ్యగారితో చెప్తే కామూని ఎత్తుకుని ఆ సాయంత్రమే సొంతూరు బందరు బస్సెక్కుతారు. ఇంతలో ప్రొఫెసరుగారి భార్య పేరంటంలో నన్ను పక్కకి పిలిచి, "ఎంత చక్కగా తగ్గారండీ! ఏం తింటున్నారో నాకూ చెప్పరూ?" అంది. నేను నవ్వాను. నవ్వితే పళ్ళు పెద్దగా కనిపిస్తున్నాయని ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాక తెలిసింది.

మొదట అడిగింది లచ్చవ్వ. పెరట్లో అంట్లు ముందేసుకుని, అన్నం గిన్నె బోర్లించి చూసి, "ఏందమ్మా, తోమిన గిన్నెలే నాకేస్తున్నవ్?" అంది. "ఇదివరకు ఇంత బువ్వన్న మిగులుతుండె. నా మన్మరాలు రోజు అడుగుతది, 'అవ్వా, పంతులమ్మ బువ్వ పెట్టలేదా' అని. ఆర్నెల్లాయె ఒక్క మెతుకు దొరకక. నువ్వేమో గిట్ల ఎండిపోతున్నవ్. గీ ఇంట్ల బువ్వంత ఏడికి పోతున్నది?"

నేను విన్నాను గాని ఆలోచించలేదు. భయం చెవులు మూసేస్తుంది.

మర్నాడు తార్నాక చౌరస్తాలో కూరగాయల బండి దగ్గర అమృత కనిపించింది. కోఠీ కాలేజీలో నాతో చదివింది. ఆహారం మీద పరిశోధన చేసే చోట ఉద్యోగం. తక్కెడ పట్టుకుని బస్తీల్లో ఇల్లిల్లూ తిరిగి, ఎవరెంత తింటున్నారో తూచి రాసుకోవడం దాని పని. నన్ను చూసి చేతిలో వంకాయ బండి మీద పడేసింది.

"విశాలా? ఏందే, గిట్లయినవ్? పరేషాన్ల ఉన్నవా?"

రోడ్డు మీదే ఏడ్చాను. అక్కయ్య సంగతి దానికి తెలుసు. ఏమీ అడక్కుండా చెయ్యి పట్టుకుని మెట్టుగూడలో తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించింది. రెండు రోజుల తరవాత దాని ఆఫీసుకి వెళ్తే, ఫిలింని కిటికీకి పెట్టి చూపించింది. "చూడు. నీ ఊపిరితిత్తులు నాకన్న మంచిగున్నయ్. ఏం లేదు. ఫికర్ చెయ్యకు."

అప్పుడు నాకు ప్రాణం లేచి రావాలి. రాలేదు. జబ్బు లేకపోతే మరి నన్ను తింటున్నది ఏమిటి?

"ఏం తింటున్నవ్?" అంది అమృత. "వారం దినాలు అంత రాసి పట్టుకరా. ఒక్కటి విడువొద్దు."

రాయడమంటే నాకు శ్రద్ధ. ఏడు రోజులకి ఏడు కాగితాలు, మార్జిన్లు గీసి, గుండ్రంగా రాసి ఇచ్చాను. మొదటిది చదివింది. రెండోది చదివింది. తలెత్తి, "ఇది ఎవరిదే?" అంది.

"ఆయనది."

"నేనడిగింది నీది."

కాగితం నావైపు తిప్పుకున్నాను. ఆయన కాఫీలో చక్కెర లేదని రాశాను. ఆయన కూరలో నూనె ఎన్ని చెమ్చాలో రాశాను. పేజీ అడుగున, నా పేరు ఎదురుగా, ఏడు రోజులూ ఒకటే మాట ఉంది. మిగిలింది.

"మిగిలింది అంటే ఎంత?"

నాకు తెలియలేదు. ఆయన కప్పులో మెతుకులు కూడా తెలుసు నాకు. ఇది తెలియలేదు.

అమృత నవ్వలేదు. "ఏ ఇంటికి పో, గిదే మాట. నువ్వెంత తిన్నవమ్మా అంటే, ఏదో మిగిలింది తిన్న అంటది. మా ఫారంల మిగిలింది అని రాయనీకి గడి లేదు విశాలా. గ్రాములు రాయాలె." లేచి బీరువాలోంచి చిన్న తక్కెడా రాళ్ళూ తీసి నా సంచీలో పెట్టింది. "తూచి రాయి. ఆయనది గూడ. మారుతో సహా."

వారం తూచాను. ఆయనకి వడ్డించే గిన్నె ముందోసారి, తరవాతోసారి. మధ్యాహ్నం రెండింటికి అత్తయ్యగారు చాప మీద వాలాక, వంటింటి తలుపు ఓరగా వేసి, దొంగతనం చేస్తున్నదానిలా నా అన్నం నేను తూచుకున్నాను. సోమవారం ఆయన కప్పు నూట యాభై గ్రాములు. మారు మూడు వందల నలభై. నాకు మాడుతో కలిపి తొంభై. మంగళవారం ఆయన మారు మూడు వందలు, నాకు నూట ఇరవై. గురువారం ఆయన స్నేహితుడొకాయన భోజనానికి ఉండిపోయాడు. నాకు మజ్జిగ. శనివారం పగలంతా ఏమీ లేదు, ఆయన ఆయుష్షుకి.

ఆ శనివారం తక్కెడ ముందు కూర్చున్నాను. ఖాళీ పళ్ళెం కాస్త ఊగి ఆగింది. అప్పుడు అర్థమైంది నాకు. ఆయన తగ్గించారనుకున్న సోలెడు బియ్యం ఆయన కంచంలో తగ్గలేదు. ఎసట్లో తగ్గింది. గిన్నె అడుగున కూర్చునేది నేను. ఆయన తగ్గవలసిన పది కిలోల్లో ఎనిమిది నేను తగ్గాను.

అక్కయ్య జబ్బయినా బావుండేదనిపించింది. జబ్బయితే మందుంటుంది, ఎవరి తప్పూ ఉండదు. ఇందులో మాత్రం ఎవరున్నారు? కొడుకు మీద ప్రేమతో ఒక తల్లి, ఆకలి వేసి ఒక ముద్ద అడిగిన భర్త, లేదనకుండా వడ్డించిన నేను. ఎవరూ నన్ను పస్తు పెట్టలేదు. రేపు చెప్తే ఆయనేమంటారో కూడా నాకు వినిపించింది. "వంటిల్లంతా నీ చేతిలోనే ఉంటే, తినొద్దన్నదెవరోయ్?" నిజమే. ఎవరూ అనలేదు. పోనీ ఆ సోలెడు బియ్యం మళ్ళీ ఎసట్లో పోద్దామా? అదీ మారు కిందికే పోతుంది. ఆయన ఎనభై ఐదవుతారు, మామగారిలా కూర్చున్నవారు కూర్చున్నట్టే పోతారు. పొయ్యకపోతే నేను పోతాను. బియ్యం డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేశాను. ఎటు కొలిచినా ఈ ఇంట్లో ఒకరు పోయేట్టున్నారు.

మర్నాడు ఆగస్టు మొదటి ఆదివారం. పొద్దున్నే స్టేషనుకి వెళ్ళాం. ఆయన ఎనభై మూడున్నర. నేను ఎవరూ నెట్టకుండానే ఎక్కాను. ముప్ఫై ఎనిమిదిన్నర. ఇంటికొచ్చి, ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు, గ్రాఫు కాగితం మీద ఎర్ర పెన్సిల్తో మూడు చుక్కలు పెట్టి కలిపాను. గీత సరిగ్గా రావాలని స్కేలు పెట్టాను. గీత వంకర పోలేదు.

మధ్యాహ్నం పీటలు వేశాను. ఆయన పక్కన కామూ కూర్చుంది. అత్తయ్యగారు విసనకర్రతో వచ్చి దాన్ని చూశారు. "కామూ, లే. పెద్దదానివవుతున్నావు. ఇవాళ్టినుంచి అమ్మతో తిందువుగాని. నాన్న ప్రశాంతంగా తినాలి."

కామూ ఎందుకని అడగలేదు. అడుగుతుందేమోనని చూశాను. కంచం పట్టుకుని లేచి, గోడకి ఆనుకుని, గిన్నెలో అన్నం వైపు చూస్తూ నిలబడింది. ఎంత ఉందో కొలుస్తున్నట్టు చూసింది. జనవరి నుంచీ నేను పడ్డ భయాలన్నీ ఆ చూపు ముందు చిన్నవైపోయాయి.

ఆయన గ్రాఫు పట్టుకుని వచ్చి పీట మీద కూర్చున్నారు. "ఇదేమిటోయ్, ఈ ఎర్రగీత ఎవరిది?"

"నాదండీ."

"నీదా!" కాగితం వెలుతురుకి పెట్టి చూశారు. ఆయన మొహంలో నిజమైన మెచ్చుకోలు కనిపించింది. "నలభై ఏడు నుంచి ముప్ఫై ఎనిమిదిన్నర! మధ్య నెలలు లేవనుకో, అయినా ఎంత చక్కగా దిగింది!"

"మధ్య నెలల్లో నన్నెవరూ తూచలేదండీ."

"నేను చచ్చీచెడీ ఒక్క కిలో తగ్గలేకపోతుంటే నాకు చెప్పకుండా నువ్వేం డైటు చేశావే? ఆ పద్ధతేదో నాక్కూడా చెప్పొచ్చుగా!"

"దానికేం పద్ధతి, తిన్నా ఒళ్ళు రాని అదృష్టం" అన్నారు అత్తయ్యగారు.

చేతిలో గరిటె గిన్నెలో పెట్టేశాను. నోరు తెరిస్తే ఏడుపు వస్తుందనుకున్నాను. మాట వచ్చింది.

"కష్టమేం లేదండీ. అందరూ తిన్నాక, గిన్నెలో మిగిలింది తినాలి. మారు అడుగుదామన్నా అందులో ఏమీ ఉండదు. ఆర్నెల్లు నేను చేసి చూశాను, బాగా పనిచేస్తుంది."

విసనకర్ర ఆగింది. ఆయన కాగితం మీంచి కళ్ళు ఎత్తి నా మెడనీ, మోచేతి దగ్గరున్న గాజులనీ, మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. నేను చూపు తిప్పుకోలేదు. తిప్పుకుంటే ఇక చెప్పలేను.

"ఇవాళ్టినుంచి నేనూ కామూ ముందు తింటాం. శనివారాలు కూడా. తరవాత అత్తయ్యగారు. ఆఖరుకి మీరు, మిగిలింది." గిన్నె నావైపు లాక్కున్నాను. "కాస్త లేచి పీట ఇవ్వండి."